ట్యాంకరు ఆగినాక చెబుతానన్న లింగయ్య

లింగయ్య గెలిచిన తగువుల్లో నేను కళ్లారా చూసింది ఒకటే. అది కూడా అన్నం తింటూ గెలిచాడు.

రెండువేల నాలుగో సంవత్సరం, మే నెల. గ్రేటర్ నోయిడాలో ఫ్లోరిన్ ఉప్పులు చేసే ఒక ఫ్యాక్టరీలో క్యాంటీను కాంట్రాక్టు నాది. ఆ ఫ్యాక్టరీకి పది రోజులకోసారి ట్యాంకరులో ఆసిడ్ వచ్చేది. దాని పేరు హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్. నేను చదివింది మూడో తరగతే అయినా ఈ పేరు తప్పు లేకుండా పలుకుతాను, కావలిస్తే ఎదురుగా నిలబెట్టి అడగండి. గాజు సీసాలో పోస్తే సీసానే తినేసే ఆసిడ్ అది. నీళ్లు కలిసినదైతే ఇంకా మాయదారిది. చర్మం మీద పడితే ముందు నొప్పే తెలియదు. చల్లచల్లగా లోపలికి దిగి, ఒంట్లో ఉన్న సున్నాన్ని, ఎముకల్లో ఉన్న సున్నాన్ని పట్టుకుంటుంది. బాధ మొదలయ్యేసరికి పొద్దు గుంకుతుంది.

అందుకని ఆసిడ్ దించే చోట ఒక డబ్బాలో మందు ట్యూబులు ఉంచాలి. కాల్షియం మందు. పడిన చోట వెంటనే నీళ్లు కుమ్మరించి, ఆ మందు రాస్తూ ఆసుపత్రికి పరుగెత్తితే, ఆసిడ్ ఒంట్లో సున్నాన్ని వదిలి మందులో సున్నాన్ని పట్టుకుంటుందట. ఆ రోజు ట్యాంకరు వచ్చి నిలబడగానే లింగయ్య డబ్బా తెరిచాడు. ఐదు ట్యూబులూ ఎండి సుద్దముక్కల్లా ఉన్నాయి. తారీఖు దాటి రెండేళ్లయింది.

లింగయ్య షిఫ్టు ఇన్‌చార్జి. వాల్వు తాళంచెవి అతని దగ్గరే ఉంటుంది. మేనేజరు సక్సేనా హిందీలో అరవడం మొదలుపెట్టాడు. రిజిస్టర్లో ఐదని ఉంది, డబ్బాలో ఐదున్నాయి, ఇంకేం కావాలి నీకు అని. ట్యాంకరు డ్రైవరు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. లింగయ్య తాళంచెవి మొలతాడుకి కట్టుకుని, చేతులు కడుక్కుని, నా క్యాంటీను వరండాలోకి వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు.

"పెద్దమ్మా, అన్నం పెట్టు."

పెట్టాను. సక్సేనా వెనకాలే ఊడిపడ్డాడు.

"లింగయ్యా! ఉఠో!"

"ఖానా ఖా రహా హూఁ, సాబ్," అన్నాడు లింగయ్య, ముద్ద నోట్లో పెట్టుకుంటూ.

అన్నం ముందు కూర్చున్న మనిషిని లేపకూడదని సక్సేనాకి కూడా వాళ్లమ్మ చెప్పే ఉంటుంది. బల్ల పక్కనే నిలబడిపోయాడు. నాకు సంగతి అర్థమైంది, కంచం ముందున్నంతసేపూ వాల్వు తెరుచుకోదు. పప్పు వడ్డించాను. పులుసు పోశాను. దోసావకాయ వేశాను. చారు, మళ్లీ అన్నం, మళ్లీ చారు. పది నిమిషాల్లో తిని లేచే మనిషి రెండున్నర గంటలు తిన్నాడు. మూడోసారి చారు పోస్తుంటే గొణిగాడు:

"ఇగ చాలు పెద్దమ్మా, కడుపు పలుగుతది."

"పగిలితే పగిలింది. లేవకు," అన్నాను.

సక్సేనా కాళ్లు నొప్పిపుట్టి ఎదురుగా కూలబడ్డాడు. అతని ముందూ ఒక కంచం పెట్టాను. ఆకలేసినట్టుంది, తిన్నాడు. తింటూనే ఎవరికో ఫోను చేసి కసిరాడు. మజ్జిగ దగ్గరికి వచ్చేసరికి ఢిల్లీ నుంచి మోటారు సైకిలు మీద కొత్త ట్యూబులు దిగాయి. లింగయ్య తారీఖులు చదివి, ఒకదాని మూత తీసి వేలికి రాసుకుని చూసి, అప్పుడు లేచాడు.

సాయంత్రం గిన్నెలు దించడానికి సాయం వచ్చినప్పుడు గట్టిగానే తిట్టాను. ఉద్యోగం ఊడితే గౌరికీ, నీ కూతురికీ ఏం పెడతావురా అని. గౌరి అతని భార్య. కూతురు సాయిసుధ అప్పుడు ఢిల్లీ ధౌలా కువాన్ కాలేజీలో చదువుతోంది. మనం తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తుంది, అయినా మంచి పిల్లే. లింగయ్య చేతిలో గిన్నె దించి, మనోహర్ సంగతి చెప్పాడు. అది గౌరికి కూడా చెప్పలేదు.

లింగయ్యది పాలమూరు జిల్లా. ఎనభై రెండులో ఢిల్లీలో ఆటల పోటీల కోసం స్టేడియాలు కడుతుంటే మట్టి మోయడానికి వచ్చిన గుంపులో ఒకడు. ఆటలైపోయాయి, గుంపు వెళ్లిపోయింది, ఇతను మిగిలాడు. ఆసిడ్ ఫ్యాక్టరీలో ఊడ్చే పనిలో చేరి, చూసి చూసి పని నేర్చి, పదిహేనేళ్లకి ఇన్‌చార్జి అయ్యాడు. కుడి బొటనవేలికి గోరు ఉండదు. ఆసిడ్ తిన్నది.

తొంభై ఎనిమిదిలో అతని కింద మనోహర్ అనే శ్రీకాకుళం అబ్బాయి పని చేసేవాడు. ఒక సాయంత్రం ట్యాంకు కడిగి వచ్చి, చేతితొడుగు లోపల చల్లగా తగిలింది అన్నా అన్నాడు. తొడుగుకి సూది మొనంత చిల్లు. "నొప్పున్నదా?" అని లింగయ్య అడిగాడు. లేదన్నాడు. బయట ఆఖరి బస్సు హారన్ కొడుతోంది. "నొప్పి లేకుంటే ఏం గాదు. నీళ్లతోని కడుక్కొని బస్సెక్కు, పో," అన్నాడు లింగయ్య. పాపం, పిల్లవాడు బస్సు తప్పిపోయి ఎనిమిది మైళ్లు నడవకూడదనే అన్నాడు. బస్సు నది వంతెన దాటకముందే మనోహర్ అరవడం మొదలుపెట్టాడట. కుడిచేతి మూడు వేళ్లు తీసేశారు.

విచారణ కాగితం మీద "కార్మికుడు ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు" అని రాశారు. సాక్షి సంతకం లింగయ్యది.

"నేను సంతకం పెట్టిన సంగతి వానికి తెల్వదు, పెద్దమ్మా. నేను పైన చెప్పిన్నని, వాళ్లే ఇనలేదని అనుకుంటుండు. ఇప్పటికీ నన్ను అన్నా అనే అంటడు."

"మరి వెళ్లి చెప్పి ఏడవరాదూ!"

"ఏం మొకం పెట్టుకొని పోవాలె? గా ట్యాంకరు ఇంకా గేటు లోపటికి వస్తనే ఉన్నది. రేపు ఇంకో పోరని చెయ్యి పోతే? గది ఆగినంక పోత. ఆగిన నాడు పోయి చెప్త."

ఇదీ లింగయ్య మొక్కు. మొక్కు కాబట్టే ట్యూబుల కోసం రెండున్నర గంటలు తిన్నాడు. ప్రతి పొద్దునా చేతితొడుగులన్నీ తెచ్చి, మణికట్టు దగ్గర మడిచి గాలి బిగించి, బకెట్టు నీళ్లలో ముంచి బుడగ వస్తుందేమో చూసేవాడు. చిన్న బుడగ కనిపించినా కత్తెరతో ముక్కలు చేసేవాడు, మళ్లీ ఎవరూ తొడుక్కోకుండా.

ఈ రహస్యం నా నెత్తిన పడేసి అతను తేలికపడ్డాడు. నా గతి చూడండి. మా అమ్మాయి హైమవతి వాళ్లుండేది మయూర్ విహార్‌లో. ఆదివారం ఆదివారం వెళతాను. వాళ్ల సొసైటీ గేటు దగ్గర వాచ్‌మన్ ఎవరనుకున్నారు? ఈ మనోహరే. ఎడమ చేత్తో బండ్ల నంబర్లు ముత్యాల్లా రాస్తాడు. లింగయ్య ఫ్యాక్టరీలో క్యాంటీను నాదని తెలిసినప్పటినుంచీ నన్ను చూడగానే లేచి నిలబడి ఒకటే ప్రశ్న:

"మామ్మా, లింగయ్యన్న ఎలగున్నాడేటి? ఒకపాలి ఇటు రమ్మని సెప్పండి. మా పిల్లదాన్ని సూళ్లేదు కదా."

నోరు కట్టేసుకుని బాగున్నాడయ్యా అని లోపలికి పోయేదాన్ని. మూడేళ్లు అలా గడిపాను. ఇంత నోరున్న నేను! ఉపవాసాలు చేశాను గానీ అంత కష్టమైన ఉపవాసం చెయ్యలేదు.

రెండువేల ఆరులో కిరణ్మయి వచ్చింది. మయూర్ విహార్‌లోనే పెరిగిన తెలుగు పిల్ల, తండ్రి కేంద్ర ప్రభుత్వంలో ఆఫీసరు. కెమిస్ట్రీ పెద్ద చదువు చదివి మా ల్యాబులో చేరింది. తెలుగు అంతా తెలుసు, నోట్లోంచి మాత్రం హిందీయే వస్తుంది. వచ్చిన నెలకే యజమాని సేఠ్‌కి ఒక కాగితం రాసి ఇచ్చింది, ఈ ఆసిడ్ కొనడం మానేద్దామని.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంత చెబుతాను. మా ఫ్యాక్టరీ చేసేది అల్యూమినియం ఫ్లోరైడ్ అనే తెల్లటి పొడి. అల్యూమినియం కాచే చోట అది వేస్తారు. అంటే మీ ఇంట్లో ఉన్న సత్తు గిన్నె వెనకాల ఇంత కథ ఉంది. ఆ పొడికి కావలసిన ఫ్లోరిన్ కోసం ఎక్కడో గనిలో రాయి తవ్వి, దాన్ని కాచి ఈ తేలులాంటి ఆసిడ్ తీసి, ట్యాంకర్లో దేశం మీదుగా తోలుకొస్తున్నాం. ఇంకోవైపు ఎరువుల ఫ్యాక్టరీల వాళ్ల రాతిలో ఫ్లోరిన్ ఉంటుంది, వాళ్లకి అది అక్కర్లేదు. రాయి ఉడికినప్పుడు వచ్చే ఆవిరిని నీళ్లతో కడుగుతారు. ఆ కడుగు నీళ్లలో సున్నం కలిపి బురద చేసి గుట్టలు పోస్తున్నారు. వాళ్లు పారేసే ఆ నీళ్లనే తెచ్చుకుంటే మన పొడి అందులోంచే వస్తుంది. రాయి తవ్వక్కర్లేదు, తేలు అక్కర్లేదు, వాళ్ల గుట్టా పెరగదు.

లింగయ్య ఆ రోజు క్యాంటీనులో ఆ పిల్ల ఎదురుగా కూర్చుని ఆ మాటలన్నీ రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"అంటే గా నీళ్లు మీద పడ్డా ఏం గాదా, బిడ్డా?"

"నహీఁ అంకుల్! యే భీ ఆసిడ్ హీ హై." చేతులు ఊపుతూ చెప్పింది. ఇదీ ఆసిడే, తొడుగులు ఉండాల్సిందే, మందు ఉండాల్సిందే. కానీ ట్యాంకరు పగిలితే దానిలా ఊరి మీద పొగమబ్బై పోదు. దాని కంటే ఇది ఎంతో మేలు.

"అబద్ధం చెప్పలే. గది చాలు," అన్నాడు లింగయ్య నా వైపు తిరిగి. అప్పటినుంచీ ఆ పిల్లకి రోజూ తన గిన్నెలోంచి సగం కూర పోయేది.

సేఠ్ తెలివైనవాడు. ట్యాంకరు వాళ్లతో ఐదేళ్ల ఒప్పందం మరుసటేడు మార్చి నెలాఖరుకి తిరగరాయాలి. ఈలోపు మూడుసార్లు చేసి చూడండి, ఒక్కసారైనా పొడి మంచిగా వస్తే సరే, రాకపోతే నేను సంతకం పెట్టేస్తాను అన్నాడు. ఐదేళ్లంటే లింగయ్యకి పెద్ద లెక్క. ఆ ఐదేళ్లూ మనోహర్ అతన్ని మంచివాడనుకుంటూనే ఉంటాడు.

మొదటిసారి చెడింది. కడుగు నీళ్లను వేడి చేసి అల్యూమినియం పిండి వేస్తే, పనికొచ్చేది నీళ్లలో ఉండిపోతుంది, ఇసక లాంటి తెల్లపొడి విడిపోతుంది. ఆ ఇసకని వడకట్టి తీసెయ్యాలి. చిన్న గిన్నెలో కిరణ్మయి చేసినప్పుడు చక్కగా వచ్చింది. పెద్ద ట్యాంకులో చేసేసరికి ఇసక కాస్తా బంకయి వడపోత గుడ్డకి జిగురులా పట్టేసింది. చుక్క దిగలేదు. రెండోసారీ అంతే. ఆ పిల్ల నా వంటింట్లో ఉల్లిపాయల బస్తా మీద కూర్చుని ఏడ్చింది. ఉల్లిపాయల వల్లే అంది. అప్పుడు తరగడానికి కత్తిపీట కూడా తియ్యలేదు నేను.

చల్లారబట్టే అలా అవుతోందని ఆమెకి తెలుసు. సలసల కాగుతున్నప్పుడే వడకట్టాలి. కానీ సక్సేనా ఒప్పుకోవడం లేదు. తెరిచి ఉన్న వడపోత మీద అంత వేడిది పోస్తే ఆ ఆవిరి మనుషుల మొహాన కొడుతుంది, ఆరు గంటలు చల్లారాకే ముట్టుకోవాలి అన్నాడు. సక్సేనాని నేను చాలా అన్నాను గానీ, ఈ మాటలో తప్పు పట్టలేను. ఎండిన ట్యూబుల రోజు తరవాత మనిషి కొంచెం మారాడు.

రెండోది చెడిన మర్నాడు లింగయ్య ఎప్పటిలాగే అన్నం గంజి వార్చడానికి సాయం వచ్చాడు. వందమంది అన్నం కుక్కర్లో అయ్యేది కాదు, పెద్ద గుండిగలో వండి వార్చాల్సిందే. మూత మీద గుడ్డ వేసి, రెండు పక్కలా అదిమి పట్టుకుని, ఎప్పుడూ అవతలి వైపుకే వంచాలి. ఆవిరి అటు పోవాలి, గంజి కిందికి దిగాలి. లింగయ్య గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఏమిటా ఆలోచన! ముందు వంచు, చల్లారితే గంజి కట్టేసుకుంటుంది, మెతుకు విడవదు!"

వంచాడు. గంజి అంతా దిగేదాకా మూత వైపే చూస్తూ ఉన్నాడు. తరవాత తడి చేతులతోనే ల్యాబుకి పోయాడు.

అతను చెప్పింది ఇంతే. వడపోతని పక్కన ఎక్కడో పెట్టి పంపుతో తోడి పొయ్యడం ఎందుకు? ట్యాంకు కిందే పెట్టండి, దానికి మూత బిగించండి. కాగుతున్న నీరు దానంతటదే దిగుతుంది. ఆవిరికి మాత్రం అవతలి వైపు ఒక గొట్టం పెట్టి నీళ్ల తొట్టిలోకి పంపండి. మనుషులు ఇటు వైపే ఉంటారు. కిరణ్మయి రాత్రికి రాత్రి బొమ్మ గీసింది. సక్సేనా ఆ బొమ్మని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, ఠీక్ హై అన్నాడు. లింగయ్య ఇది నా దగ్గరే నేర్చాడని నేనంటాను. వాళ్లమ్మ దగ్గర నేర్చానని అతనంటాడు. ఆ బొమ్మ కాగితంలో నా పేరూ లేదు, లింగయ్య పేరూ లేదు, ఆ సంగతి వేరు.

మార్చి పందొమ్మిదిన మూడోసారి వేశారు. నేను పొయ్యి ఆర్పేసి వెళ్లి హద్దు గీత అవతల నిలబడ్డాను. దగ్గరికి రానివ్వలేదు లింగయ్య. గొట్టంలోంచి ఆవిరి తొట్టిలోకి బుసబుసమంటూ పోతోంది. వడపోత కింద చూసే కన్నంలో ముందు తెల్లగా కాసిన్ని చుక్కలు పడ్డాయి, తరవాత తేటగా ధార పట్టింది. కిరణ్మయి లింగయ్య భుజం మీద కొట్టింది.

"వచ్చింది అంకుల్, వచ్చింది!"

ఆ పిల్ల నోట తెలుగు మాట వినడం అదే మొదలు. లింగయ్య తొడుగులు విప్పి, వాటిని మడిచి నీళ్లలో ముంచి, బుడగలు వస్తున్నాయేమో చూసుకుంటూ కూర్చున్నాడు.

రెండు రోజులకి పొడి ఆరి, పరీక్షకి నిలబడింది. విడిపోయిన ఇసకని, రబ్బరులో కలుపుకుంటామని రబ్బరు వాళ్లెవరో అడిగి తీసుకున్నారు. మిగిలిన నీళ్లని మళ్లీ అదే పనికి తిప్పారు. సేఠ్ ట్యాంకరు ఒప్పందం మీద సంతకం పెట్టలేదు. పాత ఆర్డరు మీద ఏప్రిల్ ఏడో తారీఖున వచ్చిన ట్యాంకరే ఆఖరిది.

ఇక చెప్పాలి కదా? చెప్పలేదు. మహానుభావుడు ముందు ట్యాంకు కడగాలె అన్నాడు. సున్నపు నీళ్లతో వారం కడిగారు. కోసినంక పోత అన్నాడు. గ్యాసుతో కోసి లారీకెత్తారు. గౌరికి జ్వరమన్నాడు. గౌరి ఆ సాయంత్రమే రోటి పచ్చడి పట్టుకుని గుండ్రాయిలా నా ముందుకొచ్చింది. నేను రెండు వారాలు ఓపిక పట్టాను. నా జన్మలో అది ఎక్కువే.

"ఇరవై ఐదేళ్లు ఆసిడ్‌తో కాపురం చేసినవాడివి, వాచ్‌మన్‌కి భయపడతావేంరా?" అన్నాను.

"ఆసిడ్ తెల్వకుండ కాలుస్తది పెద్దమ్మా. వాడు నా మొకం చూసి ఊకుంటడు. గది ఎట్ల ఓర్వాలె?"

ఊరికే అతని కంచంలో ఇంకో గరిటె పెరుగు వేశాను.

మే నెల మొదటి ఆదివారం నేను మయూర్ విహార్ బస్సు కోసం నిలబడి ఉంటే వచ్చి పక్కన నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, తల నున్నగా దువ్వుకున్నాడు. చేతిలో ఒక సంచి. ఏమిటని అడిగితే చూపించాడు. సాయిసుధ చిన్నప్పుడు కట్టుకున్న పట్టు లంగా, మనోహర్ పిల్లకి సరిపోతుందని గౌరి ఇచ్చిందట. అంటే గౌరికి చెప్పాడన్నమాట.

బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చి కూర్చున్నాడు. నది వంతెన మీద బస్సు ఆగింది, ముందేదో లారీ చెడిందట. ఆ వేడిలో అతని వేళ్లు సంచి పట్టీని మెలిపెడుతూనే ఉన్నాయి. నేను లోపల లోపల మాటలు సిద్ధం చేసుకుంటున్నాను. మనోహర్ గొంతెత్తితే ఏమనాలి, తొమ్మిదేళ్లుగా వీడు ఎలా నలిగాడో ఎలా చెప్పాలి, మూతి బిగించుకుంటే ఏ మాటతో విప్పించాలి అని. నా పెదాలు కదిలినట్టున్నాయి. లింగయ్య చూశాడు.

"పెద్దమ్మా," అన్నాడు మెల్లగా. "నువ్వు నా పక్కకు కూసో. లేవకు. వాడు నన్ను ఏమన్నా అననీ, కొడితే కొట్టనీ. నువ్వు మాత్రం నా దిక్కుకెల్లి ఒక్క మాట మాట్లాడకు."